పదేళ్లు సూది పట్టాక మళ్లీ గురువు దగ్గరికా?

పచ్చబొట్టు పనిలో ఐదేళ్లు దాటినవాళ్లు ఇంకా పైకి నేర్చుకోవడానికి ఏం చేస్తున్నారో, ఎక్కడ ఆగిపోయారో రాయమని గత నెల అడిగాను. నిన్నగాక మొన్న మెషిన్ కొన్న పిల్లలకు ఇదివరకే చాలాసార్లు జవాబులు రాశాను కాబట్టి ఈసారి వాళ్లు కాసేపు పక్కన కూర్చోవాలి. నల్గొండ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి, దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఇక్కడ ఇస్తున్నాను. పేర్లు మాత్రం తీసేశాను. మనవి చిన్న ఊళ్లు, ఒక్క ముక్క చదివితే చాలు అది ఎవరి షాపో తెలిసిపోతుంది.

అన్నా, 9 ఏళ్లుగా నల్గొండలో షాపు నడుపుతున్నా. గిరాకీకి లోటు లేదు. శివుడు, సింహం, అమ్మానాన్నల ముఖాలు ఎక్కువ వేస్తాను. కానీ మూడేళ్లుగా నా పని ఒకేచోట ఆగిపోయినట్టుంది. ఒక పేరున్న ఆర్టిస్టు పెద్ద సిటీలో మూడు రోజుల అడ్వాన్స్‌డ్ సెమినార్ పెడుతున్నాడు, ఫీజు 60,000. సర్టిఫికెట్ కూడా ఇస్తారట. పోవాలా వద్దా? ఇంట్లోవాళ్లేమో ఆ పైసలతో షాపులో ఏసీ పెట్టించమంటున్నారు.
— ఒక ఆర్టిస్టు, నల్గొండ

తమ్ముడూ, ముందు ఆ ఏసీ మాటను అంత తేలిగ్గా తీసేయకు. మే నెలలో నల్గొండలో ఫ్యాన్ కింద నాలుగు గంటల పోర్ట్రెయిట్ వేస్తే కస్టమర్ చెమటకు స్టెన్సిల్ (చర్మం మీద ముందుగా దించుకునే నమూనా) సగం చెరిగిపోతుంది, నీ గ్లౌజుల్లో చెయ్యి నాని ఉంటుంది. అలాంటప్పుడు ఏ గురువు నేర్పిన షేడింగ్ అయినా ఏం నిలబడుతుంది.

సరే, అసలు సంగతికి వద్దాం. ఆగిపోయినట్టుంది అన్నావు, ఎక్కడ ఆగిందో రాయలేదు. అది తెలియకుండా 60,000 కట్టడమంటే ఏం నొప్పో చెప్పకుండా మందుల షాపుకు పోయినట్టే. పోయిన ఏడాది వేసిన ముఖాల్లో ఒక ఇరవై మందికి ఫోన్ చేయి, చాయ్ తాగి పొమ్మని పిలువు. నల్గొండలో ఎవరు రారు చెప్పు? వాళ్ల టాటూలను ఇప్పుడు, మానిపోయాక, ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో, ఫిల్టర్ లేకుండా ఫొటో తీయి. వేసిన రోజు తీసిన ఫొటో అబద్ధం చెబుతుంది, చర్మం ఎర్రగా ఉంటుంది, ఇంకు తడిగా మెరుస్తుంది, ప్రతిదీ బాగానే కనిపిస్తుంది. రెండు మూడు నెలలు దాటాక ఉన్నదే నీ పని. ఆ ఇరవై ఫొటోలు వరసగా పెట్టి కళ్లు సగం మూసి చూడు. ముఖమంతా ఒకే బూడిద రంగు ముద్దలా కనిపిస్తోందా? ముక్కు పక్కన నీడ ఉండాల్సిన చోట గీత ఉందా? గడ్డం కింద నలుపు నిజంగా నలుపేనా, లేక భయపడి వదిలేశావా? ఇరవైలో పన్నెండింటిలో ఒకే తప్పు కనిపిస్తే, నువ్వు డబ్బు కట్టి నేర్చుకోవాల్సింది అదొక్కటే. మిగతాదంతా నీకు వచ్చు.

నా సంగతి చెబుతా. చాలా ఏళ్ల కింద నేనూ ఇలాంటి సెమినార్‌కు పోయాను, ఎవరిదో ఎక్కడో అనవసరం. హాల్లో నలభై మందిమి. ఆయన స్టేజీ మీద ఒకరి తొడ మీద సింహం వేస్తుంటే మేము తెర మీద చూశాం, అంటే ఇంట్లో కూర్చుని వీడియో చూసినట్టే, బిర్యానీ మాత్రం అదనం. చివరి రోజు మెషిన్లు, ఇంకులు డిస్కౌంట్‌లో అమ్మారు. సర్టిఫికెట్ తెచ్చి షాపులో తగిలించాను, ఇన్నేళ్లలో ఒక్క కస్టమర్ కూడా దాన్ని చదవలేదు, ఒకాయన మాత్రం మీరు కంప్యూటర్ కోర్సు కూడా చేశారా అన్నాడు.

అయితే ఆ మూడు రోజుల్లో ఒక ఐదు నిమిషాలు దొరికాయి. చాయ్ దగ్గర వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు నా ఫోన్‌లో ఫొటోలు చూసి, నీ నలుపు నల్లగా లేదు, అందుకే నీ తెలుపు తెల్లగా లేదు అన్నాడు. అంతే. ఊరికొచ్చి ఆరు నెలలు ఆ ఒక్క మాట మీద పనిచేశాను. ఫీజంతా ఆ ఐదు నిమిషాలకే చెల్లింది, ఆ ఐదు నిమిషాలు ఫీజులో లేవు.

కాబట్టి ఆ సెమినార్‌వాళ్లకు ఫోన్ చేసి అడుగు. ఎంతమందిని తీసుకుంటారు? ఆరేడుగురికి మించితే మానెయ్. నేను నిజమైన చర్మం మీద పనిచేస్తుంటే ఆయన పక్కన నిలబడి చూస్తాడా? మా పాత పని, మానిన ఫొటోలు, ముందే చూస్తాడా? మూడు నెలల తరువాత మళ్లీ పంపితే చూసి చెబుతాడా? ఈ నాలుగింటికీ అవునంటే 60,000 ఎక్కువేం కాదు, పో. సర్టిఫికెట్ గురించి గట్టిగా చెప్పి మిగతావాటికి నసిగితే ఏసీ పెట్టించుకో.

ఈలోపు ఫ్రీగా దొరికే గురువులు నీ దగ్గరే ఉన్నారు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం నీ షాపు నుంచి ఎంత దూరం? గర్భగుడిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలిచే ఆ స్తంభం నీడను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, మనమేమో సెల్ఫీ దిగి వస్తాం. పెన్సిల్, పుస్తకం పట్టుకుని అక్కడే పచ్చల సోమేశ్వరాలయం స్తంభాల దగ్గర పొద్దున ఏడింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి కూర్చో. ఒకే బొమ్మ మీద వెలుతురు ఎలా తిరుగుతుందో, అంచు ఎక్కడ పదునుగా ఉంటుందో, ఎక్కడ కరిగిపోతుందో గీసుకో. హైదరాబాద్ పోతే సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా విగ్రహం ముందు ఒక గంట నిలబడు, శుక్రవారం మాత్రం మూసి ఉంటుంది. 1876లో బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు. రాతిలో పలుచటి బట్ట, ఆ బట్ట వెనకాల ముఖం. అందులో గీత అన్నది ఎక్కడా లేదు, నీడలే. నీ పోర్ట్రెయిట్లలో ముక్కు పక్కన గీతలు ఎందుకు వస్తున్నాయో అక్కడ అర్థమవుతుంది.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చామనఛాయ, నల్లటి చర్మం ఉన్నవాళ్లే ఎక్కువ. కలర్ టాటూ కావాలంటారు, ఇంటర్నెట్‌లో విదేశీ ఫొటో చూపిస్తారు. వేసినప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, నెల తరువాత పసుపు, లేత నీలం మాయమైపోతాయి. మళ్లీ టచప్ చేస్తే చర్మం ఉబ్బుతోంది. 7 ఏళ్ల అనుభవం ఉంది. విదేశీ ఆన్‌లైన్ కోర్సు తీసుకుందామనుకుంటున్నా.
— మహబూబ్‌నగర్

ఆ కోర్సు చెప్పేవాడు మానిన పని చూపిస్తున్నాడా, అదీ మన రంగు చర్మం మీద? అది చూడకుండా కట్టకు. పాలలాంటి తెల్లటి చర్మం మీద నేర్చుకున్న రంగుల లెక్క ఇక్కడ పనిచేయదు, దానికి కారణం నీ చెయ్యి కాదు. ఇంకు నిలిచేది చర్మం పై పొరలో కాదు, దాని కింద, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో ఉండే డెర్మిస్‌లో. మనకు రంగునిచ్చే మెలనిన్ ఉండేది పై పొరలో. అంటే మానాక ఏ రంగునైనా మనం ఆ గోధుమరంగు అద్దంలోంచే చూస్తాం. చాయ్ గ్లాసు వెనకాల పసుపు కాగితం పెట్టి చూడు, తెలుస్తుంది. తెలుపు, లేత పసుపు, పేస్టల్ రంగులు అక్కడే పోతాయి. ముదురు ఎరుపు, చిక్కటి నీలం, మంచి నలుపు తట్టుకుంటాయి.

రంగు కనిపించడం లేదని మళ్లీ మళ్లీ అదే చోట గుచ్చడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అలా నలిగిన చర్మం ఉబ్బి గట్టిపడుతుంది. మన చర్మం ఛాయకు కీలాయిడ్ (గాయం మానాక కండ పెరిగి ఉబ్బిన మచ్చ) వచ్చే అవకాశం ముందే ఎక్కువ, ఛాతీ మీద, భుజం మీద మరీ ఎక్కువ. ముందే అడుగు: చెవి కుట్టించుకున్నప్పుడు కండ పెరిగిందా, పాత దెబ్బ మచ్చలు ఉబ్బి ఉన్నాయా అని. ఉన్నాయంటే వేయకు, ఆ డబ్బులు వదులుకో.

నీకు కావాల్సిన గురువు మన దేశంలోనే, మనలాంటి చర్మాల మీద పదేళ్లుగా కలర్ వేస్తూ, పాత కస్టమర్ల ఫొటోలు దాచకుండా చూపించేవాడు. అలాంటివాడు దొరికేదాకా ఒక పని చేయి. కలర్ అడిగిన ప్రతి కస్టమర్‌కూ, వాళ్లు ఒప్పుకుంటే, డిజైన్ లోపలికి కలిసిపోయే చోట నాలుగైదు రంగుల చిన్న చుక్కలు వేసి నోట్‌బుక్‌లో రాసుకో, ఆరు వారాలకు పిలిచి చూడు. ఏడాదిలో నీ దగ్గర ఉండే పుస్తకం ఏ కోర్సులోనూ దొరకదు. డిజైన్‌లో కూడా చర్మాన్నే వెలుతురుగా వాడుకో, ఖాళీ వదలడం నేర్చుకో. గద్వాల చీర చూశావు కదా, నేతంతా సాదాగా వదిలి అంచు మీద, కొంగు మీద జరీ గుమ్మరిస్తారు. ఆ సాదా భాగం లేకపోతే జరీని ఎవరు చూస్తారు?

ఇంకొకటి. ఫలానా ఇంకు వాడితేనే రంగు నిలుస్తుందని చెప్పే ట్రైనర్ దగ్గర జాగ్రత్త, అతను ఆ ఇంకు అమ్ముతున్నాడేమో చూడు. యూరప్‌లో 2022 జనవరి నుంచి టాటూ ఇంకుల్లోని వేల రసాయనాల మీద పరిమితులు పెట్టారు, 2023లో ఒక నీలం, ఒక ఆకుపచ్చ పిగ్మెంట్ కూడా ఆపేశారు. అక్కడ అమ్ముడుపోని పాత సరుకు చౌకగా ఎటు వస్తుందో నేను చెప్పనక్కర్లేదు. బాటిల్ మీద బ్యాచ్ నంబర్, గడువు తేదీ లేకపోతే అది ఎంత మంచి నీలమైనా సరే తాకకు.

మగవాళ్ల స్టూడియోల్లో నేర్చుకోవాలంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ముందు మెహందీ వేసేదాన్ని, 6 ఏళ్లుగా టాటూలు వేస్తున్నా. ఫైన్‌లైన్ (సన్నటి గీతల పని) బాగా చేస్తానంటారు గానీ మణికట్టు దగ్గర గీతలు ఒక్కోసారి పాకిపోతున్నాయి. ఆన్‌లైన్‌లో గురువును పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందా?
— ఒక సోదరి, వనపర్తి

ఉంటుంది చెల్లె, కాకపోతే నువ్వు పంపే వీడియో బాగుండాలి. చాలామంది టాటూ దగ్గరికి జూమ్ చేసి ముప్పై సెకన్ల రీల్ పంపుతారు, మ్యూజిక్ కూడా పెడతారు. దాన్ని చూసి ఎవరూ ఏం చెప్పలేరు. ఫోన్‌ను స్టాండ్‌కు పెట్టి నీ రెండు చేతులూ కనిపించేలా తీయి. మెషిన్ పట్టుకున్న చెయ్యి కన్నా చర్మం లాగి పట్టుకున్న చెయ్యే ముఖ్యం. నా అనుమానం కూడా అక్కడే ఉంది. మెహందీ వేసేటప్పుడు చర్మాన్ని లాగం కదా, ఎదుటివాళ్ల చెయ్యి ఊరికే మన చేతిలో పెట్టుకుంటాం, కోన్ నొక్కితే చాలు. ఆ అలవాటు ఆరేళ్లయినా నీ ఎడమ చేతిలో మిగిలి ఉంటుంది. మణికట్టు లోపల, చీలమండ దగ్గర చర్మం పలుచన. అక్కడ వదులు చర్మం మీద 3 ఆర్‌ఎల్‌తో (గీతలకు వాడే, మూడు మొనల సన్న సూది) కొంచెం లోతుకు పోయినా ఇంకు కింద కొవ్వు పొరలోకి జారి నీలంగా పాకుతుంది. సన్న సూది కాబట్టి సున్నితం అనుకుంటాం గానీ, సన్న సూదే తొందరగా లోతుకు దిగుతుంది.

వీడియోలో వోల్టేజ్ కనిపించాలి, మెషిన్ శబ్దం వినిపించాలి, పదిహేను నిమిషాలు ఎడిటింగ్ లేకుండా ఉండాలి. శబ్దం ఎందుకంటే నువ్వు ఎక్కువ నొక్కినప్పుడు మెషిన్ గొంతు మారుతుంది, తెలిసినవాళ్లు కళ్లు మూసుకుని చెప్పేస్తారు. అదే టాటూ రెండు నెలల తరువాత ఫొటో కూడా పంపు. నెలకు రెండుసార్లు ఇలా చూసే మనిషి దొరికితే చాలు. మొత్తం కోర్సు ఫీజు ఒకేసారి అడిగితే వద్దు, సిట్టింగ్‌కు ఇంత అని మాట్లాడుకో.

ఎప్పుడైనా స్టూడియోకే పోవాల్సి వస్తే అక్కడ ఆడ ఆర్టిస్టులు పనిచేస్తున్నారో లేదో చూడు, వాళ్లతో స్టూడియో యజమాని లేనప్పుడు విడిగా మాట్లాడు. మొదటి రోజు ఇంట్లోంచి ఒకరిని తోడు తీసుకుపో. క్లాసు ఎన్నింటికి ముగుస్తుందో, వనపర్తికి నీ బస్సు ఎన్నింటికో ముందే చెప్పేయ్. బస్సు గురించి చెబితే విసుక్కునే మనిషి దగ్గర నేర్చుకునేదేమీ లేదు.

కవరప్ నేర్చుకోవాలనుంది. ముంజేతి మీద లవర్ పేరు వేయించుకుని, ఇప్పుడు ఆర్మీకి పోవాలి, కప్పేయన్నా అంటూ వస్తున్నారు. ఏం చేయాలి?
— సూర్యాపేట

ముందు వాళ్లను ఆపు. ఆర్మీ భర్తీలో శాశ్వత టాటూ మోచేతికి, మణికట్టుకు మధ్య లోపలి వైపున, అరచేతికి వెనక వైపున మాత్రమే ఒప్పుకుంటారు. షెడ్యూల్డ్ తెగలవాళ్లకు ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది. ఒప్పుకోని చోట పేరు ఉన్నా, ఆ పేరు మీద నువ్వు పులిని వేసినా భర్తీ చేసేవాళ్లకు ఒకటే. పైగా కవరప్ అంటే పాతదానికి రెండు మూడింతలు పెద్దది అవుతుంది, నువ్వు పోయి ఆ పిల్లవాడి కేసును ఇంకా గట్టిగా చెడగొట్టినట్టు. చర్మ డాక్టర్ దగ్గరికి లేజర్‌కు పంపు. మన రంగు చర్మానికి, నల్ల ఇంకుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ వాడతారు, వారాల గ్యాప్‌తో చాలా సిట్టింగ్‌లు పడతాయి, భర్తీ ర్యాలీకి నెల ముందు వస్తే ఏ డాక్టరూ ఏం చేయలేడు. ఆన్‌లైన్‌లో చవకగా అమ్మే లేజర్ మెషిన్ తెచ్చి నువ్వే మొదలుపెట్టకు. కాలిన మచ్చ మీద ఏ కవరప్పూ కూర్చోదు.

ఆర్మీ సంగతి లేని కవరప్‌ల విషయానికొస్తే, అది వేసే పని కాదు, కూర్చోబెట్టే పని. పాత నలుపును లేత రంగు కప్పదు, ముదురు భాగాన్ని పాత గీత మీదకు తెచ్చి, ప్రాణమున్న భాగాన్ని, కన్నో పువ్వో, శుభ్రమైన చర్మం మీదకు జరపాలి. పాత టాటూ ఫొటో మీద ట్రేసింగ్ కాగితం పెట్టి ఒక్కోదానికి పది డిజైన్లు గీయి, వేయకపోయినా సరే. ఆ పది కాగితాలు పట్టుకుని గురువు దగ్గరికి పోతే ఒక రోజులో నెల పాఠం అవుతుంది. ఖాళీ చేతులతో పోతే ఆయన నీకు తన పాత కవరప్‌లు చూపించి, చాయ్ ఇచ్చి పంపుతాడు.

తెలుగు అక్షరాల టాటూలు ఐదారేళ్లకే మూసుకుపోతున్నాయి. దీనికి ట్రైనింగ్ ఎక్కడ?
— మిర్యాలగూడ

మంచి ప్రశ్న, ఇది విదేశీ గురువు ఎవడూ చెప్పలేడు. ఇంగ్లిష్ అక్షరంలో లోపల గది ఒకటో రెండో. మన 'ణ', 'క్ష', 'ఋ' చూడు, అన్నీ గుండ్రాలే, పైన తలకట్టు, గుడి, కింద వత్తు. ఇంకు ఏళ్లు గడిచేకొద్దీ చర్మంలో కొంచెం పరుచుకుంటుంది, అది ఎంత బాగా వేసినా తప్పదు. ఆ గుండ్రం లోపలి ఖాళీ గీత మందానికి కనీసం రెండింతలైనా లేకపోతే నేను వేయను, కస్టమర్‌ను పెద్ద సైజుకు ఒప్పిస్తాను, ఒప్పుకోకపోతే వత్తులు లేని అక్షరాల్లో ఇంకో పేరు రాయించుకోమంటాను. చాలామంది ముద్దుపేరుకు దిగొస్తారు.

ట్రైనింగ్ అంటావా, మీ ఊళ్లో పాత సైన్‌బోర్డు ఆర్టిస్టును వెతుకు. ఫ్లెక్సీలు వచ్చాక వాళ్లకు పని పోయింది గానీ చెయ్యి పోలేదు. షట్టర్ల మీద, లారీల మీద ముప్పై ఏళ్లు కుంచెతో తెలుగు రాసిన మనిషికి ఏ వంపు ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ అక్షరం పక్కన ఎంత చోటు వదలాలో ఏ ఫాంట్ కన్నా బాగా తెలుసు. నేను అలా ఒకాయన దగ్గర వర్షాకాలమంతా ఆదివారాలు కూర్చున్నాను, ఫీజు అడిగితే నవ్వాడు, రోజూ చాయ్, సమోసా నాదే. కంప్యూటర్‌లో టైప్ చేసి తీసిన స్టెన్సిల్‌ను మాత్రం ఎప్పుడూ ఇద్దరితో చదివించు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తు విడిపోయి పక్కకు పడుతుంది. నాన్న పేరులో వత్తు తప్పిన కస్టమర్ మొహం నేను ఒకసారి చూశాను, మళ్లీ చూడదలచుకోలేదు.

నాకు 15 ఏళ్ల అనుభవం. శుభ్రత గురించి ఇప్పుడు మళ్లీ క్లాసులు వినాలా?
— కల్వకుర్తి

వినాలండీ. మీరు ఫోన్ మోగితే అదే గ్లౌజుతో ఎత్తుతారా లేదా, నిజం చెప్పండి. నేను ఎత్తేవాణ్ని, ఒక క్లాసులో మా అందరి గ్లౌజులకు రంగు పూసి పని చేయమన్నారు, అరగంటకు ఆ రంగు దీపం స్విచ్చు మీద, కుర్చీ మీద, నా చెవి మీద కూడా ఉంది. రంగు బదులు రక్తం అనుకోండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, సున్నా, ఒకటి, ఆరు నెలలకు, మీరూ మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లూ వేయించుకున్నారా? స్టీల్ గ్రిప్‌లు (మెషిన్ పట్టుకునే పిడులు) ఇంకా వాడుతుంటే, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లోనే, 121 డిగ్రీల దగ్గర. మరిగే నీళ్లు, డెటాల్ కుదరవు. వాడిన సూదులు మున్సిపాలిటీ చెత్తలో వేయకండి, ఆ చెత్త ఎత్తేవాళ్లకు గ్లౌజులు ఉండవు. గుచ్చుకోని గట్టి డబ్బాలో పోగుచేసి, ఆసుపత్రుల చెత్త తీసుకుపోయే ఏజెన్సీతో మాట్లాడుకోండి.

హైదరాబాద్‌లో ఒక ఆర్టిస్టు మూడు నెలలు తన స్టూడియోలో ఉండి పనిచేయమంటున్నాడు, నేర్పిస్తాడట. జీతం లేదు, పైగా నేనే ఫీజు కట్టాలి. 8 ఏళ్లుగా వేస్తున్నా, ఇద్దరు పిల్లలు.
— నాగర్‌కర్నూల్

కాగితం మీద రాసుకోకుండా బస్సు ఎక్కకు. ఆ మూడు నెలల్లో ఎన్ని టాటూలు నీ చేత్తో వేస్తావు, వాటి కస్టమర్లు ఇచ్చిన డబ్బు ఎవరిది, సూదులు, ఇంకు ఎవరివి, ఫొటోలు ఎవరి పేరుతో పెడతారు, వారానికి ఎన్ని గంటలు ఆయన నీతో కూర్చుంటాడు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తాడు. నీకు ఎనిమిదేళ్లు వచ్చిన పని. కస్టమర్ పైసలూ ఆయనవే, ఫీజూ ఆయనకే అయితే అది శిక్షణ కాదు, వెట్టి. ఫీజు తీసుకుంటే నేర్పించాలి, పని చేయించుకుంటే వాటా ఇవ్వాలి, రెండిట్లో ఒకటి ఆయననే ఎంచుకోమను. నా సలహా అయితే మూడు నెలలు వద్దు. నెలకు నాలుగు రోజుల చొప్పున ఆరు నెలలు పో. ఊరికొచ్చి మిగతా రోజులు నీ కస్టమర్ల మీద ఆ పాఠం చేసి చూసుకుంటావు, మళ్లీ పోయినప్పుడు మానిన పని చూపిస్తావు, షాపు మూతపడదు. దానికి ఆయన ఒప్పుకోకపోతే ఆయనకు కావాల్సింది శిష్యుడో, చేయి ఖాళీగా ఉన్న పనివాడో ఆలోచించుకో.

మా నాయనమ్మ జాతరల్లో పచ్చబొట్లు పొడిచేది. ఇప్పుడు 80 దాటింది, చూపు తగ్గింది. నేను 10 ఏళ్లుగా మెషిన్‌తో వేస్తున్నా. ఆమె డిజైన్లు నేర్చుకుని నా స్టైల్‌గా చేసుకోవాలని ఉంది. ఇది కూడా ట్రైనింగ్ కిందికి వస్తుందా, ఎక్కడ మొదలుపెట్టాలి?
— దేవరకొండ దగ్గరి పల్లె

తమ్ముడూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు అసూయ పుట్టించింది నీదొక్కటే. 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఒరీలీ అనే ఆయన, ఎడిసన్ కరెంటు పెన్ను ఆధారంగా, టాటూ మెషిన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు లోకంలో దాదాపు అందరూ మీ నాయనమ్మలాగే చేత్తో గుచ్చినవాళ్లే. మన దగ్గర ఫీజులు తీసుకునే గురువులంతా చెప్పేది ఆ 1891 తరువాతి పాఠం.

ఆమె పద్ధతి మాత్రం తీసుకోకు, దీపం మసి, ఆకు పసరు, ఒకే సూది జాతరంతా. అప్పుడు తెలియక చేశారు, నువ్వు తెలిసి చేయకూడదు. చేత్తో గుచ్చాలనిపిస్తే కొత్త స్టెరైల్ సూది, మంచి ఇంకు. తీసుకోవాల్సింది డిజైన్లు, వాటి పేర్లు, ఏ చుక్క ఎవరికి, ఎందుకు పొడిచేదో ఆ మాటలు. ఇక్కడ ఒక జాగ్రత్త. తండాల్లో లంబాడా అమ్మల చేతుల మీద, గడ్డం మీద ఉండే చుక్కలు వాళ్లవి, మీ నాయనమ్మ పొడిచినా సరే వాళ్లవే. వాటిని ఫ్లాష్ షీట్ (కస్టమర్లు ఎంచుకునే డిజైన్ల కాగితం) చేసి సిటీలో అమ్మే ముందు తండాకు పోయి అడుగు. అడిగితే చాలామంది కాదనరు, నీకు తెలియని ఇంకో నాలుగు చెబుతారు. అడగకుండా చేస్తే రేపు నీ మొహం ఎట్లా చూపిస్తావు, ఊరు పక్కనే కదా.

చూపు తగ్గిందన్నావు, చెయ్యి తగ్గిందని అనలేదు. ఒక పలుచటి ఇసుక పళ్లెం ఆమె ముందు పెట్టు, వేలితో చుక్కలు పెట్టమను. కాగితం, పెన్ను ఇవ్వకు, బెదిరిపోతుంది. ఒక్కో చుక్క పెడుతున్నప్పుడు ఆమె ఏం గొణుగుతుందో ఫోన్‌లో రికార్డు చేయి, మధ్యలో ప్రశ్నలు వేయకు. తరువాత ఆమెతోటి వయసు ఆడవాళ్లు ఊళ్లో ఎవరున్నారో కనుక్కో, ఆమె పొడిచిన పచ్చబొట్లు ఇంకా వాళ్ల చేతుల మీద ఉంటాయి. యాభై అరవై ఏళ్లు మానిన పని, ఏ టాటూ కన్వెన్షన్‌లోనూ చూడలేవు. పొద్దున ఎనిమిదింటి ఎండలో, చెయ్యి కొంచెం పక్కకు తిప్పి ఫొటో తీయి, పక్కన స్కేలు పెట్టు. చుక్కకూ చుక్కకూ మధ్య ఎంత వదిలిందో కొలిచి రాసుకో, నాకూ ఒక కాపీ పంపు.